అన్ని చెల్కలల్ల ఇంత

మా యాదమ్మత్త దినాలైన మర్నాడు ఆమె పెట్టె తెరిచారు. అత్త అంటే మా బాపుకు చెల్లెలు, నాకు మేనత్త. పెట్టె చుట్టూ అంతమంది ఎందుకు గుమిగూడారో నాకు తెలుసు. పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి అమ్ముకున్న మనిషి, పిల్లలు లేని మనిషి, బంగారం ఎక్కడో దాచే ఉంటుందని అందరి లోపలా ఉంది. పైకి మాత్రం ఎవరూ అనలేదు, చచ్చినవాళ్ళ మీద మనకు ఆ మాత్రం మర్యాద ఉంటుంది. పెట్టెలో రెండు నేత చీరలు, కళ్ళద్దాలు, కర్పూరం వాసన, అడుగున చుట్ట చుట్టిన ఒక గ్రాఫు కాగితం ఉన్నాయి. మా పెదబాపు మనవడు దాన్ని విప్పి, పెన్సిలు గీత చూసి, “గిదేంది, ఈసీజీనా? అవ్వకు గుండెజబ్బు ఎప్పుడొచ్చింది?” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక వాడి చేతిలోంచి కాగితం తీసుకున్నాను. అది ఎవరి గుండెదీ కాదు. బొంబాయి షేర్ల బజారుది. దాన్ని గీసిన మనిషిని, గీయించిన కాలాన్ని ఎరిగినవాళ్ళలో ఆ గదిలో నేనొక్కదాన్నే మిగిలాను.

కాలనీలు ఇంకా పేర్లు పెట్టుకుంటున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి ఎల్బీనగర్ చౌరస్తాలో దిగితే, అక్కడి నుంచి మన్సూరాబాద్‌లోని మా ఇంటి దాకా నడకే. దారి పొడుగునా సున్నం పూసిన హద్దురాళ్ళు. నిన్నటి దాకా జొన్న కోసిన చోట నలభై అడుగుల రోడ్డు అని రెండు గీతలు గీసి ఉండేవి. గాలికి ఒక పక్క పేడ వాసన, ఇంకో పక్క తడి సిమెంటు వాసన. ఇసుక లారీలు పోతుంటే మా అమ్మ బియ్యం చాటను కొంగుతో కప్పేది. నల్గొండ నుంచి వచ్చిన మేస్త్రీలు, ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, అందరికీ తలా రెండు వందల గజాలు కావాలి. ఆ గజాలన్నీ మొన్నటి దాకా మా తాతలాంటి వాళ్ళ చెల్కలు. చెల్క అంటే ఎర్రమట్టి మెట్టభూమి, వాన పడితే పండేది, పడకపోతే లేదు.

మా తాత భూమి పంచిన పద్ధతిని మా బాపు, పెదబాపు జీవితాంతం తిట్టుకున్నారు. తాత ఒక కొడుకుకు ఇటు, ఒక కొడుకుకు అటు అని పంచలేదు. నల్లరేగడిలో తలా ఒక ముక్క, ఎర్రచెల్కలో తలా ఒక ముక్క, కుంట కింద తలా రెండు మళ్ళు, ఆఖరికి గడ్డి కూడా మొలవని చౌడులోనూ తలా ఒక పట్టీ. తాడు పట్టి తనే కొలిచాడట. “ఒక్క కాడ ఇస్తే ఒగడు నవ్వుతడు, ఒగడు ఏడుస్తడు. అన్నిట్ల ఇంత ఇస్తే నవ్వినా అందరు నవ్వుతరు, ఏడ్సినా అందరు ఏడుస్తరు” అని ఆయన మాట. మా వైపు పాత పంపకాలన్నీ ఇట్లాగే ఉండేవి. ప్లాట్ల కాలం వచ్చేసరికి అదే తలనొప్పి అయింది. కొనేవాళ్ళకు భూమి ఒక్క బిళ్ళగా కావాలి, మావేమో బొంత అతుకులు. అన్నదమ్ములు ముక్కలు మార్చుకుంటూ, కొలుచుకుంటూ, పోయిన తండ్రిని తలుచుకుని పళ్ళు కొరుక్కునేవాళ్ళు.

ఆ అతుకుల్లో ఒకటి యాదమ్మత్తది. నల్గొండ వైపు ఒక ఊళ్ళో ఆమెను ఇచ్చారు. ఏడేళ్ళు కాపురం చేసింది. పిల్లలు కాలేదు. ఒకరోజు రేషను దుకాణంలో వరుసలో నిలబడి కార్డు ఇస్తే, డీలరు చూసి, “నీ పేరు లేదమ్మా, కొట్టేసిండ్రు” అన్నాడట. ఆ వెనుక వారానికే ఇంట్లోకి ఇంకో ఆమె వచ్చింది. అత్త తన బట్టల మూట పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఈ కథ నాకు అమ్మ చెప్పింది, అత్త ఎన్నడూ ఎత్తలేదు. నేను ఎరిగిన అత్త బర్రె కంటే ముందు లేచేది, వాకిలి అలికేది, అందరికీ జొన్నరొట్టెలు చేసేది, అందరూ తిన్నాక గడప పక్కన కూచుని తినేది. రెండోసారి పెట్టుకోగా నేను చూడలేదు. “పెట్టుకో యాదమ్మా” అని అమ్మ అంటే, “నిండింది వదినా” అనేది. ఎప్పుడూ నిండేది ఆమె కడుపు.

రోడ్డు సరిగ్గా ఆమె చెల్క మీంచి పోవాల్సి రావడంతో అన్నలు ఆ ముక్క కొనక తప్పలేదు. ధర న్యాయంగానే కట్టారు, ఆ మాట చెప్పాలి. పైసలు చేతికి వచ్చిన రోజే పెదబాపు నులకమంచం మీద కూచుని, “నా దగ్గర పెట్టు చెల్లే. ప్లాట్లల్ల తిప్పుత. నెలనెల నీ ఖర్చుకు ఇస్త, పరేషాన్ గాకు” అన్నాడు. ఆయన మోసగాడు కాదు, ఇచ్చేవాడే. అత్త చేటలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా, “నువ్విస్తవన్నా. నేను అడగాలె గద” అంది. పెదబాపుకు ఆ మాట అర్థం కాలేదు. నాకూ అప్పుడు కాలేదు. నెలకోసారి అన్న ముందు నిలబడి చెయ్యి చాపడం అనే ఆ ఒక్క పని తప్పించుకోవడానికే ఆమె తర్వాత చేసినవన్నీ చేసింది.

మా ఇంట్లో ముందరి రెండు గదుల్లో ప్రభాకరం గారు కిరాయికి ఉండేవారు. తెనాలి వైపు మనిషి, కోఠీ దగ్గర ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం రాగానే కాళ్ళు కడుక్కుని, కిరోసిన్ స్టవ్ మీద కాఫీ పెట్టుకుని, తలుపు వెనుక అంటించిన గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, దాన్ని నిన్నటి చుక్కతో కలిపేవారు. పూజ కంటే శ్రద్ధగా చేసేవారు ఆ పని. మేము ఆ గీతను చూసి నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి పోయిన అత్త అక్కడే నిలబడిపోయింది. నేను ఆయన దగ్గర అకౌంట్సు పుస్తకంలో అనుమానం అడుగుతున్నాను, డిగ్రీ మొదటి ఏడు.

“గిదేంది సారూ? రోజు గీస్తనే ఉంటవ్” అంది అత్త.

“ఇది బొంబాయి సూచీ అండీ, యాదమ్మగారూ. ముప్పై పెద్ద కంపెనీల షేర్ల ధరలు కలిపి ఒకటే అంకె కడతారు. ఏ ఒక్క కంపెనీ సంగతీ కాదు, బజారు మొత్తం ఎలా ఉందో చెబుతుందన్నమాట.”

“ముప్పైట్ల ఒకటి మునిగితే?”

“మిగతా ఇరవై తొమ్మిదీ మోస్తాయండీ.”

అత్త ఆ గీతను కింది నుంచి పైదాకా చూసింది. “మా నాయిన పంపకం తీర్గనే ఉన్నది. అన్ని చెల్కలల్ల ఇంత. నాకు గీ అంకెనే కొనియ్యి సారూ.”

ప్రభాకరం గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి నవ్వారు. “అంకెను ఎవరు అమ్ముతారండీ! వాన ఎంత పడిందో కొలిచి చెబుతారు గానీ, ఆ కొలతను కొనుక్కుంటామా? అది చూసుకోవడానికే.”

“అయితే ముప్పై గూడ కొనియ్యి.”

ఆయన నవ్వు ఆగిపోయింది. అలా ఎవరూ కొనరని, యాభైకో వందకో తక్కువ కొంటే చిల్లర షేర్లంటారని, అమ్మబోతే ధర తగ్గించి అడుగుతారని చెప్పారు. “అమ్మేదెవరు?” అంది అత్త. పోనీ, సూచీలో పెద్ద కంపెనీకి ఎక్కువ వాటా, చిన్న కంపెనీకి తక్కువ వాటా ఉంటుంది, అలాగైనా కొనమన్నారు. “పెద్దోనికి ఎక్కువ, చిన్నోనికి తక్కువనా? పంపకంల గట్లుండదు సారూ. అందరికి ఒక్కటే తాడు.” చివరికి తలా పాతిక షేర్లు అని తేలింది. ఈ సంగతి విని పెదబాపు, “కాయితాలు కొంటున్నవా? కాయితాలకు జొన్నలు కాస్తయా?” అని వాడకంతా వినబడేలా అరిచాడు.

ఆ కొనుగోలు పూర్తి కావడానికి ఏడాది పైనే పట్టింది. షేర్లు అప్పుడు నిజంగానే కాగితాలు, పేరు మార్పుకు పోయి రిజిస్టరు పోస్టులో తిరిగి వచ్చేవి. వేలిముద్రతో సంతకం కన్నా తిప్పలు ఎక్కువని ప్రభాకరం గారు అనడంతో, అత్తకు పేరు రాయడం నేర్పే పని నాకు పడింది. హద్దురాళ్ళకు పూసిన సున్నంలో మిగిలింది తీసుకుని, బర్రెల కొట్టం గోడ మీద రాసి చూపించేదాన్ని. ‘యా’ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయేది. దీర్ఘం ఎటు తిరగాలో తెలియక నా ముఖం చూసేది. నలభై ఏళ్ళ మనిషి, చెమటలు పట్టించుకుని, ఆ గోడ నిండా తన పేరు రాసింది. తొలి కవరు వచ్చిన రోజు చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పోస్టుమ్యాను ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. పేర్లు చదవలేదు కాబట్టి ప్రతి కవరు మీదా నేను ఒక బొమ్మ వేసేదాన్ని. లారీ, సబ్బు, మందుసీసా, సిమెంటు బస్తా, గుడ్డల తాను. “లారీలోడు వచ్చిండా? సబ్బులోడు ఏడున్నడు?” అని అడిగేది. కొత్తల్లో వాటిని నేల మీద వరుసగా పరుచుకుని చూసుకునేది, తాత పొలాలు తిరిగి చూసుకున్నట్టు.

డివిడెండ్లు చిన్నచిన్నవే. కానీ ఎక్కడి నుంచో ఒకటి వస్తూనే ఉండేది, అడగకుండా. ఒక ఏడు దసరాకు అత్త దిల్‌సుఖ్‌నగర్ పోయి ఇంటిల్లిపాదికీ బట్టలు తెచ్చింది. ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు పెట్టడం లోకంలో ఉన్నదే, ఆడపడుచు పెట్టడం మేము ఎరగం. పెదబాపు ధోవతి పట్టుకుని చాలాసేపు చూసి, “మంచిగున్నది చెల్లే” అన్నాడు. ఆ రోజు అత్త మాతోపాటు బంతిలో కూచుని తింది. అమ్మ రెండోసారి వడ్డించబోతే వద్దనలేదు.

ఇక్కడిదాకా చెప్పడం సుళువు. మిగిలింది నేను చేసిన పని.

కొన్నేళ్ళు గడిచాయి. నేను ఎల్బీనగర్‌లో ఒక చిన్న సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరాను. నాలుగు లెక్కలు రాగానే లోకమంతా తెలిసిపోయిందనుకునే వయసు. అప్పుడే ప్రభాకరం గారు ఒక సాయంత్రం పేపరు పట్టుకుని వచ్చి, సూచీలోంచి ఒక కంపెనీని తీసేశారని చెప్పారు. అత్త ‘గుడ్డమిల్లోడు’ అని పిలిచేది, అదే. దాని స్థానంలో కొత్తది ఒకటి పెట్టారు.

“ఎందుకు తీసేసిండ్రు?” అంది అత్త.

“లాభాలు లేవండీ. కార్మికుల గొడవలు. పెద్దగా ఎవరూ కొనడం లేదు.”

“అయితే అమ్మేద్దాం అత్తా. వాళ్ళు తీసేసినంక మనమెందుకు పెట్టుకోవాలె? కొత్తది కొందాం” అన్నాను నేను.

“కొత్తది కొనుండ్రి. పాతది ఉంటది.”

“గట్లయితే ముప్పై ఒకటైతయ్. అది సూచీ ఎట్లయితది?”

“ఒక ఏడు పండలేదని చెల్కను తీసేస్తరా బిడ్డా? ఉండనీ.”

ఆమె ముఖంలోకి చూసి ఉంటే నాకు తెలిసేది. నేను పేపరులోకి చూస్తున్నాను. పల్లెటూరి మొండితనం అనుకున్నాను, ఆమెను ఆమె నుంచే కాపాడాలనుకున్నాను. నెల తిరక్కముందే డివిడెండు కాగితాల మధ్య షేర్ల బదిలీ ఫారం ఒకటి పెట్టి, “ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టు అత్తా” అన్నాను. నేను నేర్పిన సంతకం, నేను చూపిన చోట పెట్టింది. ప్రభాకరం గారికి తెలియకుండా, మా బ్యాంకుకు వచ్చే ఇంకో బ్రోకరుకు గుడ్డమిల్లు కవరు తీసి ఇచ్చి అమ్మించాను. ఆ పైసలతో కొత్త కంపెనీ కొని, కవరు మీద కొత్త బొమ్మ వేసి పెట్టాను. దొంగచాటు పనికి కూడా ఎంత పద్ధతి పాటించానో చూడండి.

రెండేళ్ళకు ఆ మిల్లు మూతబడింది. పేపర్లో చూసి సంతోషపడ్డాను, ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మిల్లు ముందు కూచున్న కార్మికుల ఫొటో పక్కన నాకు నా తెలివే కనబడింది. సాయంత్రం ఇంటికి ఉరికినట్టు వచ్చి, “చూసినవా అత్తా, నీ గుడ్డమిల్లోడు మునిగిండు. నీ పైసలు మునగలే. నేను ముందే అమ్మేసిన” అన్నాను, మెచ్చుకుంటుందని.

అత్త లేచి లోపలికి పోయి కవర్లు తెచ్చింది. నేల మీద ఒకటొకటే పరిచింది. గుడ్డల తాను బొమ్మ కోసం అన్నీ తిరగేసి చూసింది. లేదు. కవర్లను మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. కోపం లేదు, ఏడుపూ లేదు. తర్వాత మెల్లగా, “నన్ను కొట్టేసిన నాడు గూడ నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా. రేషను డీలరు చెప్పిండు” అంది.

నేను అన్నవేవో ఉన్నాయి, నీ మంచికే అని, నష్టం తప్పింది కదా అని. అవి నాకే వినబడలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నాకు రొట్టె, పెరుగు పెట్టింది. కానీ ఆ రోజు నుంచి నేను ఏ కాగితం ఇచ్చినా, పోస్టాఫీసుది కానీ కరెంటు ఆఫీసుది కానీ, ముందు ప్రభాకరం గారి దగ్గరికి తీసుకుపోయి, నా ఎదుటే, “సారూ, జర చదువు” అనేది. ఆయన పైనుంచి కిందిదాకా చదివి చెప్పాకే సంతకం పెట్టేది. ఆయన బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని పోయినప్పుడు, ఆ తలుపు వెనుక కాగితం అడిగి తీసుకుంది. తర్వాత కూడా రెండు బస్సులు మారి ఆయన దగ్గరికే పోయి చదివించుకునేది. ఇంట్లో బ్యాంకు ఉద్యోగం చేసే మేనకోడలు ఉండగా! చూసినవాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళు పైనే నడిచింది అట్లా. పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, బ్యాంకులో మేనేజరునయ్యాను, ఎందరో నన్ను నమ్మి చూపిన చోట సంతకాలు పెట్టారు. నా దగ్గర సంతకం నేర్చుకున్న ఒక్క మనిషి మాత్రం పెట్టలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో ఇండెక్స్ ఫండు, అంటే సూచీలోని అన్ని కంపెనీల్లో కలిపి ఇంత వాటా, కొంటుంది. నెలకు ఇంత అని పెట్టేసి మరిచిపోతుంది. ఆనాడు అత్త అడిగింది అదే, ఆ అంకెనే. ఎవరూ అమ్మరని నవ్విన వస్తువు ఇప్పుడు కూరగాయల బేరమాడుతూ కొనుక్కోవచ్చు. నేనూ కొన్నాను, మంచిదేనని పదిమందికి చెబుతాను కూడా. అందులో ఒక పేరు పోయి ఇంకో పేరు వస్తుంది, కొన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు, తెలియనక్కర్లేదు. ఈసారి ఏది తీసేశారే అని మా అమ్మాయిని అడిగితే, “ఏమో మమ్మీ, అదంతా దానంతటదే అయిపోతది” అంది. లాభం అందులోనే ఉందని నాకు తెలుసు. అత్త పద్ధతిలో ఎంత పోయిందో, ఎంత మిగిలిందో నేను లెక్క వేయలేదు. లెక్క నావైపే తేలుతుందేమోనని భయం, తేలితే నేను మళ్ళీ పాత సునందనే అవుతానని.

పోవడానికి మూడేళ్ళ ముందు, మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక, అత్త నాకు కబురు పెట్టింది. తన షేర్లకు వీలునామా రాయాలంది. నన్నే రాయమంది. సాక్షి సంతకాలకు పక్కింటాయన, ప్రభాకరం గారు వచ్చారు. ఆయనకు కూడా కర్ర సాయం వచ్చింది అప్పటికి. అత్త మంచం మీద కూచుని పేర్లు చెబుతుంటే నేను రాశాను. పెదబాపు పిల్లలు ఒక్కొక్కరే, మా తమ్ముళ్ళు, ఆఖరున “ఆయన బిడ్డ” అంది. నేను కలం ఆపాను. అత్త మొగుడికి రెండో ఆమె వల్ల పుట్టిన కూతురు. “ఆ పిల్లకెందుకు అత్తా?” అన్నాను. “ఆ పిల్లేం జేసింది? రాయి” అంది. రాశాను. అందరికీ సమానం.

“చదువు.”

చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నది. అంతా అయ్యాక, “ఒకటి తక్కువున్నది” అంది.

“లేదత్తా, చెప్పినవన్నీ రాసిన.”

“నీది లేదు.”

నా పేరు ఆమె చెప్పలేదు, నేను రాయలేదు. చెప్పకపోవడం న్యాయమే అనుకున్నాను. “తప్పు జేసినోల్లను తీసేసుకుంట పోతే పంపకానికి ఎవలు మిగుల్తరు సునందా? రాయి” అంది. అన్ని ఏళ్ళలో నా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. రాశాను. అక్షరాలు కొట్టం గోడ మీది అత్త అక్షరాల్లా వచ్చాయి.

ప్రభాకరం గారు ఎప్పటి అలవాటు కొద్దీ జేబులోంచి కళ్ళద్దాలు తీసి, “ఇలా ఇవ్వమ్మా, ఒకసారి చదివి చెబుతాను” అని చెయ్యి చాపారు.

“వద్దు సారూ,” అంది అత్త. “మా మేనకోడలు రాసింది గద.”

కాగితం నా చేతిలోంచే తీసుకుని, ఏడ పెట్టాలె బిడ్డా అని నన్నే అడిగి, నేను చూపించిన చోట సంతకం పెట్టింది.